చదవని పుస్తకాల గుట్టను తగ్గించుకోవడం గురించి

నమస్కారం. ఏటా చెన్నై పుస్తక ప్రదర్శనలో కొన్నవి చదవకుండానే బీరువా నిండి, ఇప్పుడు నేలమీద కూడా పేరుకుపోయాయనీ, ఇంట్లో ఏకాగ్రత కుదరక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ మీరు రాశారు. ముందుగా నేలమీది దొంతరలను పైకెత్తించండి. మన ఊరి తేమకు గోడనానుకొని ఉన్న కాగితం బూజు పడుతుంది, చెదలు కూడా పట్టవచ్చు.

ఆ తరువాత అన్నిటినీ చదవాలన్న సంకల్పాన్ని విడిచిపెట్టడం అవసరం. ఒక్కొక్క పుస్తకాన్నీ చేతిలోకి తీసుకొని, తొలి పేజీలు కొన్ని చదివి, ఈ రోజు ఇదే పుస్తకం దుకాణంలో కనిపిస్తే కొంటానా అని ప్రశ్నించుకోండి. కొననని తోచినదాన్ని, అది ఎంత పేరున్న రచన అయినా, చదివేవారికి ఇచ్చివేయడమే దానికి మర్యాద అని నా దృఢమైన అభిప్రాయం. అవసరం పడినప్పుడు మాత్రమే తిరగేసే గ్రంథాల విషయంలో మరింత నిర్మొహమాటంగా ఉండవచ్చు, ఎందుకంటే 1954 నాటి చట్టం ప్రకారం దేశంలోని ప్రచురణల ప్రతులను అందుకునే గ్రంథాలయాలలో ఒకటైన కన్నెమరా మనకు ఎగ్మోరులోనే ఉంది.

కథా సంపుటాలను వరసగా చదవనక్కరలేదు. పెద్ద నవల ఒకటి, చిన్న పుస్తకం ఒకటి బయట ఉంచి, మిగిలినవాటిని బీరువాలో పెట్టి తలుపు వేయండి. కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో సొంత పుస్తకాలు తెచ్చుకొని చదువుకునేవారికి ప్రత్యేక విభాగం ఉంది. వీలున్న రోజున ఒక్క పుస్తకంతో అక్కడికి వెళ్ళి, ఫోనును సంచిలోనే ఉంచండి. వచ్చే ప్రదర్శనకు కూడా తప్పక వెళ్ళండి, కానీ అప్పటికి ఖాళీ అయిన అరలో పట్టేటన్ని మాత్రమే కొనండి.