ఎంటర్ కొడితేగానీ కదలని పాము

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో ఇంజినీరింగ్ సెకండియర్. సీ లో స్నేక్ గేమ్ రాస్తా ఉండా. ల్యాబ్‌లో టర్బో సీ కంపైలర్‌లో, కీ నొక్కగానే చదివే గెట్‌సీహెచ్ ఫంక్షన్ పెడితే బాగా నడిచింది, రూమ్‌లో ఉబుంటు లినక్స్‌లో దానికి కావాల్సిన కోనియో హెడర్ ఫైలే లేదంటోంది. దాని బదులు మామూలు గెట్‌చార్ ఫంక్షన్ పెడితే ప్రతి కీకీ ఎంటర్ కొట్టాల్సొస్తా ఉంది. ఎట్ల చేసేది?

జవాబు: నీ తప్పేం లేదు తమ్ముడూ. కోనియో అసలు సీ స్టాండర్డ్‌లోనే లేదు, డాస్ కాలంలో కంపైలర్ల వాళ్లు సొంతంగా పెట్టుకున్న సరుకు, విండోస్‌లో ఇప్పటికీ దొరుకుతుంది గానీ లినక్స్‌లో రాదు. 1987లో వచ్చిన టర్బో సీని మీ ల్యాబ్ ఇంకా వదల్లేదంటే అది వేరే బాధ.

ఎంటర్ సంగతేందంటే, కొండమీద వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లు చూసుంటావ్ కదా, జనాన్ని లోపల కూర్చోబెట్టి గేటు తీసినప్పుడు అందర్నీ ఒకేసారి వదుల్తారే, నువ్వు ప్రోగ్రామ్ నడిపే టెర్మినల్ కూడా అంతే, నువ్వు కొట్టిన అక్షరాలన్నీ పోగేసి ఎంటర్ పడినాకే ప్రోగ్రామ్‌కి ఇస్తుంది. బ్యాక్‌స్పేస్‌తో దిద్దుకోడానికి ఆ ఏర్పాటు. ఆపేది కెర్నల్‌లోని టెర్మినల్ డ్రైవరు, గెట్‌చార్‌ని తిట్టి లాభం లేదు.

టెర్మినల్ సెట్టింగులు మార్చే టెర్మియోస్ హెడర్ పెట్టుకో. టీసీగెట్‌అట్ర్‌తో ఇప్పుడున్న సెట్టింగులు తీసుకుని ఒక కాపీ దాచిపెట్టు, ఇంకో కాపీలో ఐకానన్ (ఎంటర్ దాకా ఆపేది), ఎకో (కొట్టింది తెరమీద చూపించేది) రెండూ ఆపేసి టీసీసెట్‌అట్ర్‌తో ఎక్కించు. అందులోనే వీమిన్ (కనీసం ఎన్ని అక్షరాలు రావాలి), వీటైమ్ (ఎంతసేపు చూడాలి) అని ఇంకో రెండున్నాయి. వీమిన్ 1 పెడితే కీ పడేదాకా, కీలు చదివే రీడ్ ఫంక్షన్ ఆగిపోతుంది, దాంతోపాటు నీ పామూ ఆగిపోతుంది, కాబట్టి వీమిన్ 0, వీటైమ్ 1 పెట్టు, సెకనులో పదోవంతు చూసి ఏ కీ రాకపోతే రీడ్ 0 ఇచ్చి వచ్చేస్తుంది, పాము ఒక అడుగు ముందుకేస్తుంది. గెట్‌చార్ మాత్రం వద్దు, ఏమీ రాకపోతే అది ఇన్‌పుట్టే అయిపోయిందనుకుంటుంది.

ఇంకోటి, ల్యాబ్‌లో పై బాణం కీ నొక్కితే 0, 72 అని రెండు అంకెలు వస్తాయి, ఇక్కడ 27, 91, 65 అని మూడు బైట్లు. కింద బాణానికి చివర 66, కుడికి 67, ఎడమకి 68. ఇదంతా ఎవడు పడతాడబ్బా అనుకుంటే టెర్మినల్ పనులన్నీ చేసిపెట్టే ఎన్‌కర్సెస్ లైబ్రరీ వేసుకో, బాణాలు కూడా అదే చూసుకుంటుంది.

ప్రోగ్రామ్ అయ్యేముందు దాచిన కాపీ తిరిగి ఎక్కించడం మర్చిపోవద్దు. నేనొకసారి మర్చిపోయినా, ఎంత టైప్ చేసినా ఒక్క అక్షరం కనపడకపోయేసరికి కీబోర్డే పోయిందనుకుని గాంధీ రోడ్డుకి పోయి కొత్తది కొనుక్కొచ్చినా. నీకట్లయితే కనపడకపోయినా సరే ఎస్‌టీటీవై, స్పేసు, సేన్ (stty sane) అని గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కు, టెర్మినల్ మామూలుగా అయిపోతుంది.