బాగు చేయమని ఇచ్చిన కోత యంత్రాన్ని బాకీ పేరుతో ఆపేయవచ్చా?

సందేహం: మాది గుంటూరు జిల్లా దుగ్గిరాల మండలంలో ఒక పల్లె. ఎకరంన్నర పొలం ఉంది. నాలుగేళ్ల కిందట ఒక పాత వరికోత యంత్రం కొన్నాను. నేనే నడుపుతాను. తోడుగా మా తమ్ముడు, ఒక కుర్రాడు ఉంటారు. చుట్టుపక్కల రైతులకు గంటల లెక్కన కోసిపెట్టడమే మా జీవనాధారం. నూర్పిడి డ్రమ్ము బార్లు (కంకుల నుంచి గింజ రాల్చే ఇనుప పట్టీలు), బేరింగులు, బెల్టులు అరిగిపోతే సెప్టెంబరులో విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో బాగు చేయడానికి ఇచ్చాను. మాట్లాడుకున్నది 1,80,000 రూపాయలు. లక్ష ఫోను ద్వారా పంపాను. మిగిలిన 80,000 కోతలయ్యాక ఇవ్వమన్నారు. కంపెనీ సామాన్లే వేశామన్నారు. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద రాసిచ్చారు. నవంబరులో పొలంలో దించిన మూడో రోజే డ్రమ్ము విపరీతంగా అదిరి, బేరింగు పగిలి, షాఫ్టు విరిగింది. విప్పి చూస్తే ఎనిమిది బార్లలో ఐదే కొత్తవి. మళ్లీ ఆ షెడ్డుకే పంపాను. పాత బాకీ 80,000, కొత్త షాఫ్టుకు 35,000 కడితేగాని బండి కదలనివ్వమంటున్నారు. సగం కోతలు అయిపోయాయి. నేను వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా? పోయిన ఆదాయం వస్తుందా? పోలీసు కేసు పెట్టమని కొందరు అంటున్నారు.

సమాధానం: ముందు బండి సంగతి చూద్దాం. మీ ఊరి చుట్టూ ఇంకా కోయని చేలు ఉన్నాయి, తుపాను కబురు వస్తే ఆ రైతులు మీ కోసం ఒక్క రోజు కూడా ఆగరు. కమిషన్, నష్టపరిహారం అన్నీ తరువాత.

మరమ్మతు చేసినవారికి కూలి ముట్టేదాకా వస్తువును తమ దగ్గర ఉంచుకునే హక్కు ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను ఆ మాట చెబుతుంది. షెడ్డువారు దాని బలంతోనే మాట్లాడుతున్నారు. కానీ ఆ సెక్షను కింద చట్టమే ఇచ్చిన రెండు ఉదాహరణలు మీరు చదవాలి. సాన పట్టమని వజ్రం ఇస్తే, పని పూర్తి చేసిన నగల వ్యాపారి కూలి ఇచ్చేదాకా వజ్రాన్ని అట్టిపెట్టుకోవచ్చు. అదే ఒక దర్జీ, కోటు కుట్టగానే ఇచ్చేస్తానని, డబ్బుకు మూడు నెలలు గడువు ఇస్తానని ఒప్పుకుంటే, ఆ కోటును ఆపే హక్కు అతనికి లేదు. మీ షెడ్డువారు ఆ దర్జీ లాంటివారే. మిగతా 80,000 కోతలయ్యాక ఇవ్వమన్నది వారే. పైగా నవంబరులో బండిని మీకు అప్పగించేశారు. స్వాధీనం వదిలిన రోజునే మొదటి పనికి సంబంధించిన ఆ హక్కు పోయింది. రెండోసారి బండి వారి షెడ్డులోకి వచ్చినంత మాత్రాన పాత బాకీకి అది తిరిగి పుట్టదు. పాత లెక్కలన్నిటికీ వస్తువును ఆపే హక్కు 171వ సెక్షను ప్రకారం బ్యాంకర్లకు, సరుకు ఏజెంట్లకు, రేవు గిడ్డంగులవారికి, హైకోర్టు అటార్నీలకు, బీమా పాలసీ దళారులకు మాత్రమే ఉంటుంది. మిగిలినవారికి కావాలంటే ఆ మేరకు ఒప్పందం ఉండాలి. మీ చీటీలో అలాంటి మాట ఏదీ లేదని నిర్ధారించుకోండి.

కాబట్టి వారు గట్టిగా మాట్లాడగలిగితే ఆ 35,000 గురించే మాట్లాడాలి. అదీ అనుమానమే. విరగడానికి వారి పనే కారణమైతే, దాన్ని సరిచేసినందుకు కూలి అడిగే హక్కు వారికి ఎక్కడిది?

అయినా నా సలహా వేరు. ఆ 35,000 రేపే బ్యాంకు ద్వారా పంపండి, చేతికి ఇవ్వవద్దు. పంపేముందు ఫోనులో ఇలా రాయండి: ‘ఈ సొమ్ము నేను బాకీ అని ఒప్పుకొని ఇవ్వడం లేదు. కోతల కాలంలో బండి ఆగిపోయినందువల్ల, నా అభ్యంతరాన్ని, నా హక్కులను నిలుపుకుంటూ కడుతున్నాను. 80,000 మీద వివాదం ఉంది.’ అప్పటికీ వదలకపోతే మొత్తం కట్టాలా వద్దా అన్నది మీ చేతిలోని బుకింగులు చూసి తేల్చుకోండి. ఇంకా పది రోజుల పని ఉంటే, అదే మాట మళ్లీ రాసి కట్టేసి బండి తెచ్చుకోవడమే మేలు. అభ్యంతరం తెలిపి కట్టిన సొమ్మును తిరిగి అడగవచ్చు. దాటిపోయిన కోతను ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. కాదు, పంతంగా ఉంటానంటారా? కమిషన్‌లో ఫిర్యాదుతోపాటే బండిని విడిపించమని మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షను ఆ అధికారం ఇచ్చింది. అయితే ఆ ఉత్తర్వు వచ్చేదాకా వరి ఆగదు.

బండి తెచ్చుకునేటప్పుడు తీసేసిన సామాన్లన్నీ అడిగి తెచ్చుకోండి. విరిగిన షాఫ్టు, పగిలిన బేరింగు, పాత బార్లు మూడు, కొత్తవి ఐదు, అన్నీ మీ సొత్తే. ఒకప్పుడు నా దగ్గరికి వచ్చిన ఒక ఆయిల్ ఇంజను యజమాని, న్యాయం పూర్తిగా తనవైపే ఉన్నా, విరిగిన క్రాంకును కిలోల లెక్కన పాత ఇనుము వాడికి అమ్మేసి వచ్చాడు. ఆ కేసులో నేను వాదించగలిగింది మాటలే, చూపించడానికి వస్తువు లేదు. ఆ ఓటమి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మీ కేసు అంతా ఆ ఎనిమిది బార్ల మీదే నిలబడుతుంది. డ్రమ్ము బార్లను ఒకదానికి ఎదురుగా ఉన్న మరొకదాన్ని కలిపి జతగా మార్చాలి. అరిగిన బారు తేలిక, కొత్తది బరువు. ఐదు కొత్తవి, మూడు పాతవి ఉన్న డ్రమ్ము తూకం తప్పుతుంది. వేగంగా తిరిగేటప్పుడు ఆ తేడా అదురుగా మారి మొదట బేరింగును, ఆపైన షాఫ్టును తింటుంది. ఐదు అన్న సంఖ్యే చాలు, ఒక బారుకు జత దొరకలేదని తెలిసిపోతుంది. వారు ‘బండే పాతది, షాఫ్టు అప్పటికే అరిగిపోయింది’ అంటారు. అది నిజమే కావచ్చు. కానీ నైపుణ్యం ఉందని పని ఒప్పుకున్నవారు డ్రమ్ము విప్పినప్పుడు షాఫ్టు చూడాలి, అరుగుదల ఉంటే మీకు చెప్పాలి. ఎనిమిది బార్లను విడివిడిగా తూచి ఫోటోలు తీయండి. బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వంటి చోట నిపుణుడి అభిప్రాయం తెప్పించమని కమిషన్‌ను కోరవచ్చు.

ఒక్క ప్రశ్న మాత్రం నేను అడగక తప్పదు. ఆ మూడు బార్లను ఖర్చు తగ్గుతుందని మీరే వద్దన్నారా? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. మీరే వద్దని ఉంటే, ‘అలా చేస్తే డ్రమ్ము అదురుతుంది’ అని వారు హెచ్చరించారా లేదా అన్నది ముఖ్యం. హెచ్చరించి ఉంటే మీ కేసు బలం సగానికి పైగా పోతుంది. ఫిర్యాదులో దాన్ని దాచితే, ఎదుటివారు అదే మాట చెప్పిన రోజున మిగతా నిజాలను కూడా నమ్మరు. మీ వకీలుకు ముందే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఇక మీరు వినియోగదారులా కాదా అన్నది చూద్దాం. బండిని అద్దెకు తిప్పుతున్నారు గనుక ఇది వ్యాపారం అని ఎదుటివారు తప్పకుండా అంటారు. భయపడకండి. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు దీనికి గీత గీసింది. యంత్రం కొని తానే నడుపుకొని బతికేవారు వినియోగదారులే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదు. యంత్రాన్ని పూర్తిగా వేరొకరి చేత నడిపించేవారికి మాత్రం అది వర్తించదు. తమ్ముడు, కుర్రాడు ఉన్నా స్టీరింగు మీ చేతిలో ఉంది గనుక మీరు గీతకు ఇవతలే ఉన్నారు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది దాన్ని గమనించరు. పాత వినియోగదారుల చట్టంలో 2002 సవరణ తరువాత ‘జీవనోపాధి కోసం కొన్న వస్తువులు, పొందిన సేవలు’ అని రెండూ ఉండేవి. 2019 చట్టంలోని వివరణలో వస్తువుల మాటే మిగిలింది. అందుకని ఫిర్యాదులో మరమ్మతు సేవ గురించి మాత్రమే రాసి ఊరుకోకండి. బార్లు, బేరింగులు, బెల్టులు ‘కొన్నాను’ అని, ఏది ఎంత ధరో చీటీలో ఉన్నంతవరకు విడిగా రాయండి.

బిల్లు లేదన్న దిగులు వద్దు. బిల్లు ఇవ్వకపోవడమే ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార విధానం. ఆ చీటీ, లక్ష పంపిన బ్యాంకు వివరం, ఫోనులో వారితో నడిచిన సందేశాలు మీకు ఆధారాలు. సందేశాలు చెరిపేయకండి, ఫోను మార్చకండి. ముద్రించి ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షను కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రాన్ని జత చేయండి.

మీరు విజయవాడ తిరగక్కరలేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే వేయవచ్చు గనుక గుంటూరు జిల్లా కమిషన్ చాలు. సామాన్లకు, పనికి మీరు చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

ఆదాయ నష్టం విషయానికి వస్తే, 1854లో ఇంగ్లండులో వచ్చిన ఒక తీర్పు మీ కథలాగే ఉంటుంది. గ్లౌస్టర్ పట్టణంలో ఒక పిండిమర షాఫ్టు విరిగింది. దాన్ని నమూనాగా చూసి కొత్తది చేయమని రవాణాదారు ద్వారా గ్రీనిచ్‌కు పంపారు, అతను ఆలస్యం చేశాడు. మర ఆగినన్ని రోజుల లాభం ఇప్పించమని యజమానులు అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. షాఫ్టు లేక మర మొత్తం ఆగిందని రవాణాదారుకు చెప్పలేదన్నదే కారణం. మన కాంట్రాక్టు చట్టం 73వ సెక్షనులో ఉన్నది ఆ సూత్రమే. ఒప్పందం నాటికే ఎదుటివారికి తెలిసిన నష్టాన్ని అడగవచ్చు. కాబట్టి సెప్టెంబరు, అక్టోబరు సందేశాలు తిరగేయండి. ‘నవంబరుకల్లా కోతలు మొదలవుతాయి, బండి కావాలి’ అని ఎక్కడైనా రాశారా, గొంతు రికార్డు చేసి పంపారా? అది దొరికితే బంగారం. దొరకకపోయినా, కృష్ణా డెల్టాలో వరికోత యంత్రం బాగు చేసేవారికి నవంబరు అంటే ఏమిటో తెలియదనడం కుదరదు. డబ్బు కోతలయ్యాక ఇవ్వమన్న వారి మాటే ఆ విషయానికి సాక్ష్యం.

లెక్క వేసేటప్పుడు మొత్తం అద్దె అడగకండి. గత ఏడాది ఇవే రోజుల్లో ఎన్ని గంటలు కోశారో మీ నోటు పుస్తకం నుంచి తీసి, డీజిలు, కుర్రాడి కూలి, మామూలు ఖర్చులు మినహాయించి మిగిలేది అడగండి. ఈ ఏడాది మీకు మాట ఇచ్చి వేరే యంత్రం పిలిపించుకున్న రైతులు నలుగురి చేత ప్రమాణ పత్రాలు తీసుకోండి. నష్టం తగ్గించుకోవడానికి మీరు ఏం చేశారని కూడా చట్టం అడుగుతుంది. అభ్యంతరం రాసి డబ్బు కట్టి బండి విడిపించుకోవడం ఆ ప్రశ్నకు మీ జవాబు అవుతుంది.

పోలీసు కేసుకు తొందరపడవద్దు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద మోసం నిలవాలంటే మొదటి నుంచే దురుద్దేశం ఉండాలి. పని చెడగొట్టడం అందులోకి రాదు. కొత్త బార్ల మీద కంపెనీ గుర్తును నకిలీగా ముద్రించారని తేలితే మాత్రం అది 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద నేరం, శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా ఉంటుంది. అందుకు ముందుగా ఆ కంపెనీ డీలరుకు బార్లు చూపించి, తమవి కావని రాతపూర్వకంగా తీసుకోండి.

విరిగిన షాఫ్టును ఇంటికి తేగానే తుడిచి, విరుపు ముఖానికి పలచగా నూనె పూసి, గోనెసంచిలో చుట్టి తడి తగలని చోట పెట్టండి. తుప్పు పడితే అది ఎలా విరిగిందో నిపుణుడు కూడా చదవలేడు.