‘సిన్స్ త్రీ ఇయర్స్’లో తప్పేముంది?

ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ అంటే సరిదిద్దారని, ఎక్కడ తప్పిందో తెలియలేదని ఒకరు అడిగారు. రెండు చోట్ల తప్పింది. రెండూ తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో మాట్లాడే మనందరికీ మామూలే.

‘మూడేళ్ల నుంచి’, ‘2019 నుంచి’... మనకు రెండిటికీ ఒకటే ‘నుంచి’. ఇంగ్లీషులో మొదలైన సమయం చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. ఈ సూత్రం నాకు ఇంటర్‌లోనే కంఠతా వచ్చు. నోరు తెరిస్తే మాత్రం గుర్తొచ్చేది కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, నైట్ షిఫ్టులో అమెరికా క్లయింటుకి ఫోన్ చేసి ‘సర్వర్ ఈజ్ డౌన్ సిన్స్ టూ అవర్స్’ అన్నాను. ఆయన చెవిన ‘సిన్స్ టూ’ వరకే పడినట్టుంది. ‘రెండంటే మీ టైమా, మా టైమా?’ అన్నాడు. నేను తెల్లమొహం వేశాను. తర్వాత ఆలోచిస్తే ఆ తిరకాసు తెలుగులోనూ ఉంది. ‘రెండు గంటల నుంచి కూర్చున్నా’ అంటే రెండింటికి వచ్చి కూర్చున్నట్టా, రెండు గంటల సేపు కూర్చున్నట్టా? అదే ‘రెండు గంటలుగా’ అంటే ఏ అనుమానమూ లేదు.

అప్పటి నుంచి నా కిటుకు ఇదే: ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘మూడేళ్లుగా’ కుదిరింది, కాబట్టి ఫర్. ‘సోమవారంగా’, ‘పొద్దుటిగా’, ‘పెళ్లయినప్పటిగా’ అని ఎవరైనా అంటారా? అక్కడ సిన్స్. రెజ్యూమేల్లో తెగ కనిపించే ‘సిన్స్ లాస్ట్ ఫైవ్ ఇయర్స్’ కూడా దీనికి దొరికిపోతుంది. ‘గత ఐదేళ్లుగా’ అంటాం కదా, అది ‘ఫర్ ద లాస్ట్ ఫైవ్ ఇయర్స్’.

ఇక ‘యామ్ వర్కింగ్’ సంగతి. ఇప్పుడు చేస్తున్నా, మూడేళ్ల నుంచి చేస్తున్నా మనకు ‘చేస్తున్నాను’ ఒక్కటే. ఇంగ్లీషులో ఎప్పుడో మొదలై ఇంకా సాగుతున్న పనికి ‘హావ్ బీన్’ కావాలి: ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’. నా సర్వర్ కూడా ‘హాజ్ బీన్ డౌన్ ఫర్ టూ అవర్స్’ అయ్యుండాల్సింది. ఇందులో చిన్నబోవడానికేం లేదు. జర్మన్లు కూడా ఇంగ్లీషులో సరిగ్గా ఇక్కడే తడబడతారు. వాళ్ల ‘జైట్’ అచ్చం మన ‘నుంచి’ లాంటిదే, దాని పక్కన క్రియ కూడా వర్తమానంలోనే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. మానేసిన ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్’ అంటే చాలు. నేను కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో, కంపెనీ మారేటప్పుడు పాత కంపెనీకి కూడా ‘హావ్ బీన్ వర్కింగ్’ తగిలించాను. ఇంటర్వ్యూ చేస్తున్న ఆవిడ నా ఫైలు తిరగేసి, ‘ఇంకా అక్కడే చేస్తుంటే రిలీవింగ్ లెటర్ ఎలా ఇచ్చారండీ?’ అని అడిగింది.