ఊళ్లో పాస్టరు గారికి కృతజ్ఞత: శాలువా వద్దు, నెలనెలా పంపండి

అక్టోబరు రెండో ఆదివారం అమెరికా సంఘాల్లో పాస్టర్లకు కృతజ్ఞత చెప్పుకునే రోజు. అది చూడగానే కొత్తగా వచ్చిన మన పిల్లలకు కందుకూరులోనో కనిగిరిలోనో తమకు బాప్తిస్మమిచ్చిన అయ్యగారు గుర్తొస్తారు. మంచిదే. ఆ ఊపులో లక్ష రూపాయలు పంపి, శాలువా కప్పించి, వీడియో కాల్లో చూసి మురిసిపోయి, తర్వాత మూడేళ్లు పలకరు. అలా చేయొద్దు అబ్బాయా.

ముందు ఆయన ఇంటి లెక్క తెలుసుకో. ఏ మిషనుకీ చెందని స్వతంత్ర సంఘమైతే కానుకల సంచే జీతం. మన వైపు పొగాకు వేలం, వరి కోతల డబ్బు చేతికొస్తే ఆ సంచి బరువెక్కుతుంది. జూన్‌లో ఫీజులు, విత్తనాలు మొదలయ్యేసరికి తేలిపోతుంది. అయ్యగారి పిల్లలకూ ఫీజు జూన్‌లోనే కట్టాలి. ఆదివారం రెండు మూడు ఊళ్లు తిరగడానికి పెట్రోలు కావాలి. క్రిస్మస్‌కి అందరూ పంచెలు తెస్తారు గానీ బండి టైరు సంగతి ఎవరూ అడగరు.

అందుకే నెలకు 4,000 చాలు. ఏడాదికి 48,000 అవుతుంది. బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన డబ్బు అంతా కలిపి 50,000 దాటితే, దాటిన ముక్క కాదు, మొత్తం ఆయన ఆదాయంలో కలుస్తుంది. ఇంకెవరైనా పంపుతున్నారేమో ముందే అడుగు. ఇండియాలోని నీ పాత సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా, అంటే విదేశంలో ఉండేవాళ్ల రూపాయల ఖాతాగా, మార్పించి, అందులోంచి ప్రతి నెలా ఐదో తేదీన వెళ్లేలా బ్యాంకుకు చెప్పు. విదేశీ పౌరసత్వం తీసుకున్నాక మాత్రం నీ డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) చూసుకోవాలి. ఆ నిబంధనలు హోంశాఖ సైటులో ఉన్నాయి, చదువుకో.

సంఘానికిచ్చేది వేరు, అయ్యగారికిచ్చేది వేరు. మందిరం స్లాబుకిచ్చే డబ్బు ఆయన సొంత ఖాతాలో వేశావో, రెండేళ్లకు పెద్దలు లెక్క అడుగుతారు, సంఘం రెండు ముక్కలవుతుంది. అది సంఘం ఖాతాకే వెళ్లాలి, ట్రెజరర్ రసీదు ఇవ్వాలి. ఆయనకిచ్చేది ఆరాధనలో చదివించొద్దు. "అమెరికా నుంచి వస్తోందిగా" అని పిడికెడు బియ్యం పెట్టే ఇల్లు కూడా మానేస్తుంది. నీ 4,000 వచ్చి ఊరి 6,000 పోతే ఏం లాభం?

1878 జూలై 3న ఒంగోలు వైపు వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర పేరు అందరికీ తెలుసు. నీళ్లలో నిలబడి ముంచినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, వాళ్ల పేర్లు ఎంతమంది చెప్పగలరు? ఇప్పటికీ శాలువాలు వేదిక మీద కూర్చున్నవాళ్లకే పడతాయి.

నాకు ఎక్కువ దిగులు ముసలితనం గురించి. చాలామంది ఉండేది సంఘం ఇచ్చిన ఇంట్లో. సేవ ఆగిన రోజు ఆ ఇల్లూ పోతుంది, పింఛను ఉండదు. 4,000లో వెయ్యి పోస్టాఫీసు ఆర్‌డీలో (నెలనెలా కట్టే పొదుపు), ఆయన భార్య, అమ్మగారి పేరు కూడా కలిపి వేయించు. ఐదేళ్లకు అసలే 60,000. సండే స్కూలు, స్త్రీల కూటం నడిపేది ఆవిడే, ఆవిడ పేరున పైసా ఉండదు. ఆయనకు 50 దాటకపోతే బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా, 70 లోపైతే 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా చేయించు. ఒక్కోటి రెండు లక్షలు. మే నెలాఖరులో ఆ డబ్బు ఖాతాలోంచి కోస్తారు. అప్పుడు ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది, కాబట్టి మే 20కే ఫోన్ చేసి గుర్తుచెయ్యి.

ఊరెళ్లినప్పుడు చెప్పకుండా నలుగురిని వెంటేసుకుని ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లొద్దు. అమ్మగారు అప్పు చేసైనా కోడి కోస్తారు. ముందురోజే ఫోన్ చేసి, బియ్యం, కూర నువ్వే పంపించు.