తాతయ్య లాంతరు, తేలు కొండి, ఒక మంచి ప్రశ్న

ప్రశ్న: నాన్ ఫిక్షన్ కామిక్స్ (నిజంగా జరిగినవాటిని బొమ్మల కథగా చెప్పే పుస్తకాలు) మీద ఆన్‌లైన్ కోర్సులో చేరాను. వారానికో కామిక్ చదివి చర్చలో మన అభిప్రాయం రాయాలి, ఇంకో ఇద్దరికి జవాబు కూడా ఇవ్వాలి. తోటివాళ్లలో చాలామంది ఆర్టిస్టులు. నాకేమో బొమ్మలు రావు. మూడు వారాలు “చాలా బాగుంది, మనసును కదిలించింది” అనే రాశాను. ఎవరూ పలకలేదు. నాలుగో వారం మా తాతయ్య చిన్నతనంలో ఇల్లు వదిలి వచ్చేసిన రాత్రిని పుల్లల బొమ్మలతో ఒక పేజీ గీసి పెట్టాను. చేతిలో లాంతరు, పైన వాన. ఒకతను “అప్పటికి మీరు పుట్టనే లేదు కదా, ఇది నాన్ ఫిక్షన్ ఎలా అవుతుంది?” అని అడిగాడు. అప్పట్నుంచీ చర్చలోకి వెళ్లాలంటేనే టెన్షన్. కోర్సు మానేయమంటారా?
– పేరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు: మానేయొద్దండీ. నాలుగు వారాల్లో మీకు దొరికిన అసలైన జవాబు అతనిదే. పుల్లల బొమ్మల గురించి అతను ఒక్క మాట అనలేదు, గమనించారా? బొమ్మను దాటి నేరుగా కథలోకి వెళ్లాడు. అంటే మీ పేజీని శ్రద్ధగా చదివాడన్నమాట.

ముందు ఆ మూడు వారాల సంగతి. నేను చేరిన మొదటి కోర్సులో యుద్ధం గురించీ మానవత్వం గురించీ బారెడు బారెడు రాసేదాన్ని. ఒక్కరూ పలికేవారు కాదు. ఎలా పలుకుతారు? అందులో ఒప్పుకోవడానికీ కాదనడానికీ ఏమీ ఉండేది కాదు. ఒక వారం తీరిక లేక నాలుగే వాక్యాలు రాశాను. కామిక్స్ గీసే విలేకరి జో సాకో తన ‘పాలస్తీనా’లో తన బొమ్మ తనే గీసుకుంటాడు. కళ్లద్దాలుంటాయి గానీ వాటి వెనక కళ్లు కనిపించవు, తెల్లగా ఖాళీగా ఉంటాయి. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలను మాత్రం ముడతలతో సహా గీస్తాడు. ఎందుకలా, అని అడిగాను. రెండు రోజులు చర్చంతా దాని మీదే నడిచింది. విలేకరి తనను తాను దాచుకుంటున్నాడని ఒకరు, ఆ అద్దాల్లోంచి మనల్ని చూడమంటున్నాడని ఇంకొకరు. నర్సుగా పనిచేసే ఒకావిడ రాసింది ఇప్పటికీ మరిచిపోలేను: “రోగి పక్కన నిలబడ్డ రోజులు తలుచుకుంటే వాళ్ల ముఖాలే గుర్తొస్తాయి, నా ముఖం ఎలా ఉందో గుర్తుండదు.” ఆవిడకూ బొమ్మలు రావు.

కాబట్టి పుస్తకం మొత్తం మీద కాకుండా ఒక్క ప్యానెల్ (పేజీలో ఒక గడి) మీద వేలు పెట్టి రాయండి. మనిషిని ఎక్కణ్నుంచి చూపించారు, చట్రం బయట ఎవరు మిగిలిపోయారు, ఈ ప్యానెల్‌కీ పక్కదానికీ మధ్య ఖాళీలో ఏం జరిగిపోయింది... ఇవి చూడ్డానికి కుంచె పట్టిన అనుభవం అక్కర్లేదు. 2011లో వచ్చిన ‘భీమాయన’ తీసుకోండి. అంబేద్కర్ జీవితం మీద గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. అందులో మెత్తగా మాట్లాడేవాళ్ల మాటల బుడగలు పిట్ట ఆకారంలో ఉంటాయి. విషం కక్కేవాళ్ల బుడగలకు తేలు కొండి ఉంటుంది. మాట తేలులా కుట్టిందని మనం అనుకుంటాం, వాళ్లు దాన్ని గీసి చూపించారు. ఆ కొండి ఏ పేజీలో ఎవరి నోటి దగ్గరుందో రాస్తే చాలు, చర్చ మొదలవుతుంది.

తోటివాళ్లకు ఇచ్చే జవాబులూ అంతే. వాళ్ల వాక్యం ఒకటి పట్టుకుని, అదే ప్యానెల్‌లో మీకు ఇంకేం కనిపించిందో చెప్పండి.

ఇక అతని ప్రశ్న. నాన్ ఫిక్షన్ కామిక్స్‌కు గుండెకాయ లాంటి ప్రశ్న అది. ‘మౌస్’ గీసిన ఆర్ట్ స్పీగెల్మన్ పుట్టింది 1948లో. నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడింది వాళ్ల నాన్న వ్లాడెక్. పుస్తకంలో ఉన్నది ఆ నాన్న కథే. యూదుల్ని ఎలుకలుగా, నాజీల్ని పిల్లులుగా గీశాడు గనక 1991లో న్యూయార్క్ టైమ్స్ రెండో భాగాన్ని బెస్ట్ సెల్లర్ పుస్తకాల ఫిక్షన్ జాబితాలో వేసింది. స్పీగెల్మన్ ఉత్తరం రాశాక నాన్ ఫిక్షన్‌లోకి మార్చింది.

ఆ రెండో భాగంలోనే ఒక చోటుంది, వీలైతే వెతికి చూడండి. ఖైదీలు పనికి కవాతు చేస్తూ గేటు దాటేటప్పుడు బ్యాండు వాయించేవారట కదా అని కొడుకు అడుగుతాడు. బ్యాండు బొమ్మ వస్తుంది. తండ్రేమో కవాతు తప్ప బ్యాండేమీ గుర్తులేదంటాడు. తర్వాతి బొమ్మలో అదే చోటు, కానీ నడిచే ఖైదీల వరుస ముందుకొచ్చి వాయించేవాళ్లను కప్పేస్తుంది. జాగ్రత్తగా చూస్తే వాళ్ల తలల మీదుగా వాద్యాల కొసలు కొంచెం కనిపిస్తాయి. చరిత్ర చెప్పిందీ చెరిపేయలేదు, నాన్న జ్ఞాపకాన్నీ అబద్ధం చేయలేదు. ఎన్నిసార్లు చూసినా ఆ పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోతుంది. ఇంత నిజాయితీగా గీయొచ్చని నాకు నేర్పింది ఆ రెండు ప్యానెళ్లే.

అతనికి ఇలా జవాబివ్వండి. మీ పేజీలో తాతయ్య నోట విన్నది ఏది, మీరు ఊహించుకున్నది ఏది, విడివిడిగా రాయండి. “లాంతరు ఆయన చెప్పిందే. వాన నేను వేసుకున్నది, ఆ రాత్రి నాకు అలా అనిపించింది” అన్నారనుకోండి, అది తప్పు ఒప్పుకోవడం కానే కాదు. తర్వాత అవతలివాళ్లనే అడగండి: ఊహించిన వానను వేరే రకం గీతతో వేస్తే చదివేవాళ్లకు తెలుస్తుందా? చుక్కల గీతా, పల్చటి పెన్సిలా? ఆ ఆర్టిస్టులంతా ఎగబడి సలహాలిస్తారు, చూడండి. తాతయ్య ఆ కథ మీకు చెబుతున్న దృశ్యాన్ని కూడా ఒక ప్యానెల్‌లో గీస్తే మరీ మంచిది. స్పీగెల్మన్ అదే చేశాడు. వ్యాయామం సైకిల్ తొక్కుతూ నాన్న కథ మొదలుపెట్టడం కూడా పుస్తకంలో ఉంటుంది.

తాతయ్య ఉన్నారో లేరో మీరు రాయలేదు. ఉంటే ఈ వారమే అడగండి, ఆ రాత్రి వాన పడిందా అని. “గుర్తులేదమ్మా” అంటే ఆ మాటనే బుడగలో పెట్టి లాంతరు పక్కన గీయండి.