గూఢచారుల లోకం అల్లే అమ్మాయికి ఏ చదువు మేలు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ‘స్పై ఫ్యామిలీ’ అనే జపాన్ యానిమేషన్ చూసి, తనూ అలాంటి గూఢచారుల లోకం ఒకటి అల్లుతోంది. నోటు పుస్తకాల నిండా పాత్రలు, ఊళ్ల పటాలే. ఇది రేపు అన్నం పెడుతుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ నోటు పుస్తకాలను భద్రంగా దాచండి. పాత్రల బొమ్మలు వేసే పిల్లలు నా దగ్గరకు చాలామంది వస్తారు. ఊరి పటం గీసేవారు అరుదు. మీ ఉత్తరంలో నాకు ఆశ కలిగించింది ఆ పటాలే.

‘స్పై ఫ్యామిలీ’ కథను తత్సుయ ఎండో 2019లో ఆన్‌లైన్ మాంగాగా (జపాన్ బొమ్మల కథగా) మొదలుపెట్టారు. 2022లో టీవీకి, 2023లో రంగస్థలానికి, అదే ఏడాది చివర సినిమాకు వెళ్లింది. ఇన్ని చోట్లకు వెళ్లినా చెదరకపోవడానికి కారణం దాని నియమాలు. తండ్రి గూఢచారి, తల్లి హంతకురాలు, దత్తత తెచ్చుకున్న పాప మనసులు చదవగలదు. అందరి గుట్టూ తెలిసింది పాపకే. పక్క కథ రాసేవారు ఆ గుట్టు బయటపెడితే అసలు కథ అక్కడే కూలిపోతుంది. పాప బడిలో 8 నక్షత్రాలు సాధిస్తే ప్రత్యేక హోదా, 8 పిడుగు గుర్తులు పడితే బహిష్కరణ. సినిమాకు కొత్త కథ రాసినప్పుడూ ఆ నక్షత్రాన్నే పట్టుకున్నారు. బడిలో వంటల పోటీ నెగ్గితే ఒక నక్షత్రం వస్తుంది. అందుకోసం, ప్రధానోపాధ్యాయుడికి ఇష్టమైన మిఠాయి రుచి చూడాలని కుటుంబం మంచు ప్రాంతానికి బయలుదేరుతుంది. ఊరు కొత్తది, నియమం పాతది. మన ‘బాహుబలి’ కూడా 2017లో శివగామి గతంతో ఒక నవలగా, విడిగా ఒక యానిమేషన్ సిరీస్‌గా విస్తరించింది.

అయితే ‘లోకం అల్లేవారు కావలెను’ అని ఎవరూ ప్రకటన ఇవ్వరు. స్టోరీబోర్డు (సన్నివేశాలను వరుస బొమ్మలుగా గీయడం), నేపథ్య చిత్రాలు, రచయితకు సహాయకత్వం – ఇలాంటి పనులతోనే మొదలుపెట్టాలి. కొన్నేళ్లు ఇతరుల కథలకే పనిచేయాలి. అందుకు ఆమె సిద్ధంగా ఉందో లేదో ఇప్పుడే అడగండి.

ఎంపీసీ అడ్డు కాదు. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది. ఐఐటీల డిజైన్ డిగ్రీ కోర్సులకు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్‌ఏ యానిమేషన్ అనే లలిత కళల డిగ్రీ ఉంది. అన్నిటికీ ప్రవేశ పరీక్షలుంటాయి, గడువులు ముందే చూసుకోండి.

ఈలోగా ఒక పని చేయించండి. తన లోకం నియమాలను ఒక్క పేజీలో రాయమనండి. ఆ పేజీ పక్కన పెట్టుకుని ఒక నాలుగు గళ్ల బొమ్మల కథ, ఒక చిన్న నాటిక తయారుచేయాలి. రెండూ మీరు చదవండి. ఎక్కడ నియమం తప్పిందో మీకే దొరికితే, ఆ పేజీని ఆమె స్పష్టంగా రాసినట్టు. తన పనుల నమూనాల సంకలనమైన పోర్ట్‌ఫోలియోలో ఆ పేజీనే ముందు పెట్టమనండి.