ముంజేతి గడియారం తాళంచెవి అయ్యే వేళ

ప్రశ్న: మేము విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఉంటున్నాము. ఇటీవల విద్యుత్ కారు కొన్నాము. రోజూ తెల్లవారుజామున నేనే నడుపుకొని వెళ్లి, బీచ్ రోడ్డుకు పక్క వీధిలో కారు నిలిపి, ఇసుకలో గంటసేపు నడుస్తాను. చీరకు జేబు ఉండదు, చేతిసంచీ మోయడం నాకు ఇష్టం లేదు. ఒకసారి తాళంచెవి ఇసుకలో జారిపోతే అరగంట వెతుక్కున్నాను. మా అబ్బాయి కొనిచ్చిన స్మార్ట్‌వాచీతోనే కారు తెరవవచ్చని చెప్పి షోరూమువారు అందులో యాప్ పెట్టి ఇచ్చారు. మొన్న ఫోనును నాలుగో అంతస్తులోని ఇంట్లోనే వదిలి, సెల్లారులోకి దిగి ప్రయత్నిస్తే తలుపు తెరుచుకోలేదు. లోపం వాచీలో ఉందా, కారులో ఉందా? అసలు దీన్ని నమ్ముకోవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే వాచీలోను, కారులోను లోపమేమీ ఉన్నట్లు లేదమ్మా. షోరూమువారు మీ ముంజేతికి తగిలించినది తాళంచెవి కాదు, దూరం నుంచి కారుకు కబురు పంపే యాప్ మాత్రమే. ఈ రెండూ ఒకటి కావని అమ్మేటప్పుడే చెప్పి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే శ్రమ తప్పేది.

యాప్‌లో ‘అన్‌లాక్’ అని నొక్కినప్పుడు ఆ కబురు వాచీ నుంచి ఫోనుకు, ఫోను నుంచి ఇంటర్నెట్ మీదుగా కంపెనీ సర్వరుకు, అక్కడి నుంచి కారులో అమర్చిన సిమ్ కార్డుకు చేరుతుంది. ఆ తరువాతే తాళం వీడుతుంది. మీరు కారు పక్కనే నిలబడి ఉన్నా మీ మాట ఊరు చుట్టి రావలసిందే. ఫోను నాలుగో అంతస్తులో ఉండిపోతే మొదటి అడుగులోనే దారి తెగిపోతుంది. ఫోను చేతిలో ఉన్నా, సెల్లారులో కారుకు సిగ్నలు అందకపోతే చివరి అడుగులో తెగుతుంది. అరకు వెళ్లేటప్పుడు అనంతగిరి ఘాట్ రోడ్డులో ఏ మలుపు దగ్గరో కాఫీ తాగడానికి దిగిన వారికీ ఈ చిక్కు ఎదురు కావచ్చు.

నిజమైన డిజిటల్ తాళంచెవి పనితీరు వేరు. అందులో రహస్య సంకేతం వాచీలోని ప్రత్యేక భద్రతా చిప్‌లోనే దాగి ఉంటుంది. వాచీ దగ్గరకు రాగానే కారు ప్రతిసారీ ఒక కొత్త ప్రశ్న వేస్తుంది, వాచీ ఆ సంకేతంతో దానికి జవాబు కడుతుంది. ఈ సంభాషణకు ఇంటర్నెట్టూ అక్కరలేదు, ఫోనూ అక్కరలేదు. కార్ల కంపెనీలు, ఫోన్ల కంపెనీలు కలిసి ఏర్పరచుకున్న కార్ కనెక్టివిటీ కన్సార్టియం దీనికి ఉమ్మడి ప్రమాణాలు రూపొందించింది. ఆపిల్ సంస్థ 2020లో బి.ఎం.డబ్ల్యూ. కార్లతో ఈ సౌకర్యాన్ని మొదలుపెట్టినప్పుడే సిరీస్ 5 మొదలుకొని తన వాచీలకూ వర్తింపజేసింది. టెస్లా వాచీ యాప్ 2024 డిసెంబరులో వచ్చింది. మన దేశంలో 2025 జనవరిలో విడుదలైన హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌లో డిజిటల్ కీ ఉన్న వేరియంట్లు ఫోనునే కాక స్మార్ట్‌వాచీనీ తాళంచెవిగా అంగీకరిస్తాయి. అయితే కారు ఒప్పుకున్నంత మాత్రాన ప్రతి వాచీ పనికివస్తుందని కాదు. తక్కువ ధరకు దొరికే వాచీలలో చాలావాటికి ఇందుకు కావలసిన ఎన్.ఎఫ్.సి. చిప్పే (అతి దగ్గర నుంచి మాత్రమే సంకేతాలు ఇచ్చిపుచ్చుకునే చిప్) ఉండదు. కాబట్టి మీ వాచీ మోడలు పేరు కాగితం మీద రాసుకొని వెళ్లి, ‘ఫోను స్విచ్చాఫ్ చేసి తెరిచి చూపించండి’ అని షోరూములో అడగండి. అంతకు మించిన పరీక్ష లేదు.

ఎన్.ఎఫ్.సి. పద్ధతిలో వాచీ ముఖాన్ని తలుపు పిడికి కొద్ది సెంటీమీటర్ల దూరంలో ఆనించినట్లు పట్టుకోవాలి. మణికట్టును కొంచెం మెలితిప్పవలసి వస్తుంది, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. మన కార్లకు స్టీరింగు కుడివైపున, బండి స్టార్టు చేయడానికి వాచీని ఆనించవలసిన, ఫోను పెట్టే పళ్లెం డ్రైవరుకు ఎడమవైపున ఉంటాయి గనుక, ఎడమచేతికి వాచీ కట్టుకునేవారికి లోపల కూర్చున్నాక శ్రమ తక్కువ. ఈ ఒక్క విషయంలో అమెరికావారి కంటే మనమే అదృష్టవంతులం.

నమ్ముకోవచ్చా అన్నారు. దొంగల సంగతి ముందు చూద్దాం. కేవలం బ్లూటూత్ మీద ఆధారపడి, దగ్గరకు రాగానే దానంతట అదే తెరుచుకునే తాళానికి ఒక బలహీనత ఉంది. మీ వాచీ సంకేతాన్ని ఒక పరికరంతో అందుకొని, కారు పక్కనున్న మరో పరికరానికి చేరవేస్తే, మీరు పక్కనే ఉన్నారని కారు భ్రమపడుతుంది. 2022 మే నెలలో ఎన్.సి.సి. గ్రూప్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు టెస్లా కారు మీద దీన్ని చేసి చూపించారు. దీనికి విరుగుడుగా వచ్చినది అల్ట్రా వైడ్ బ్యాండ్ అనే రేడియో పద్ధతి. రేడియో తరంగం సెకనులో వంద కోట్ల వంతు కాలంలో సుమారు 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. సంకేతం వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని కొలిచి కారు దూరాన్ని లెక్కకడుతుంది. మధ్యలో ఎవరు చేరవేసినా ఆలస్యం పెరుగుతుందే గాని తగ్గదు, అందుచేత మోసం బయటపడుతుంది. మీ కారులో బ్లూటూత్ ఒక్కటే ఉంటే, బండి కదలడానికి పిన్ నంబరు అడిగే ఏర్పాటు ఉందేమో చూసి పెట్టుకోండి.

వాచీని ఎవరైనా కాజేస్తారన్న భయం అంతగా అక్కరలేదు. మంచి వాచీలు చేతి నుంచి తీసిన వెంటనే తమంతట తాము లాక్ అవుతాయి, పాస్‌కోడ్ కొట్టనిదే తాళంచెవిగా పనిచేయవు. ఇదే గుణం మరోచోట ఇబ్బంది పెడుతుంది. హోటలు దగ్గర కారు పార్కు చేసే కుర్రవాడికి వాచీ తీసి ఇస్తే అతని చేతిలో అది ఉత్త బిళ్ల.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది చార్జింగు. స్మార్ట్‌వాచీలలో చాలావాటికి ఒకటి రెండు రోజులకోసారి చార్జి పెట్టాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు మూగబోయాయి. అటువంటి రోజున కారు బ్యాటరీలో కావలసినంత చార్జి ఉండి, చేతి వాచీ చచ్చిపడి ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా విద్యుత్ కార్లలో తలుపు తాళాలను నడిపేది సాధారణంగా కింది పెద్ద బ్యాటరీ కాదు, ముందున్న చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అది డీలా పడితే వాచీ, ఫోను, రిమోటు మూడూ దండగే. రిమోటులో దాచి ఉంచే ఇనుప తాళంచెవి ఒక్కటే దిక్కు.

అందుచేత వాచీని రెండో తాళంచెవిగా నిశ్చింతగా వాడుకోండి. కారుతో కీ కార్డు (తలుపు పిడికి ఆనిస్తే తాళం తెరిచే కార్డు) ఇచ్చి ఉంటే దాన్ని మాత్రం వెంట ఉంచుకోండి. మన అమ్మమ్మలు తాళాల గుత్తిని బొడ్లో దోపుకొని ఇల్లంతా తిరిగారు, ఈ పల్చని కార్డు అంత బరువేమీ కాదు. కారుతో వచ్చిన రెండు తాళంచెవులనూ ఇంట్లో భద్రపరచండి. కారు దొంగతనానికి గురైతే బీమా కంపెనీలు సాధారణంగా రెంటినీ అడుగుతాయి.

ప్రశ్న: పరవాడ ఫార్మా సిటీలో పనిచేస్తున్నాను. ఫోను గేటు దగ్గరే అప్పగించాలి. వాచీతో తెరుచుకునే విద్యుత్ స్కూటరు కొంటే నాకు సౌకర్యంగా ఉంటుందా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు మీ భద్రతా విభాగాన్ని అడగండి. మండే ద్రావకాల ఆవిరి ఉండే చోట ఫోనును ఎందుకు వద్దంటారో, బ్యాటరీ ఉన్న వాచీకీ అదే కారణం వర్తిస్తుంది. వాచీని కూడా గేటు దగ్గరే అప్పగించవలసి వస్తే మీకు కలిసివచ్చేదేమీ ఉండదు. ఇంకొక మాట. స్కూటర్ల ప్రకటనలలో ‘వాచీతో అనుసంధానం’ అని ఉన్నంత మాత్రాన అది తాళంచెవి అనుకోవద్దు. 2025లో టీవీఎస్ ఐక్యూబ్ కోసం నాయిస్ కంపెనీతో కలిసి తెచ్చిన వాచీ ముఖ్యంగా చార్జి వంటి వివరాలను, హెచ్చరికలను చూపించడానికి ఉద్దేశించినది. మీవంటి వారికి స్క్రీను మీద పిన్ నంబరు కొట్టి తెరిచే స్కూటరే మేలు. జేబులో ఏమీ లేకపోయినా షిఫ్టు దిగి ఇంటికి వెళ్లవచ్చు.

ప్రశ్న: తాళంచెవిగా వాడే వాచీ పెట్టుకొని సముద్రస్నానం చేయవచ్చా?
— మరొక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నీళ్లు తగిలినందువల్ల చిప్‌లోని సంకేతం చెరిగిపోదు. ఈతకు పనికివస్తుందని కంపెనీ చెప్పిన వాచీ అయితే పెట్టుకోవచ్చు, బయటికి రాగానే ఉప్పు పోయేలా మంచినీటితో కడగండి. ఆర్.కె. బీచ్‌లో అలల లాగుడు మాత్రం ఎక్కువ, మోకాలి లోతు దాటవద్దు.